సాంటోరినిలో సగం రోజు పడవ ప్రయాణం: పొద్దున మేలా, సాయంత్రం మేలా?

గ్రీస్‌లోని సాంటోరిని దీవికి టికెట్లు కొనుక్కున్న మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. కాటమరాన్ అనే వెడల్పాటి తెరచాప పడవ మీద సగం రోజు తిరుగుదామనుకుంటున్నాం, పొద్దున ట్రిప్పు తీసుకోమంటారా, సన్‌సెట్ ట్రిప్పు తీసుకోమంటారా? హైదరాబాద్ నుంచి హనీమూన్‌కి వెళ్ళే జంటలు అడుగుతారు. జర్మనీలోనో లండన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ వేసవికి అమ్మానాన్నల్ని రప్పించుకున్న పిల్లలు అడుగుతారు. చాలామంది అప్పటికే సన్‌సెట్ వైపు మొగ్గి ఉంటారు, నేను కూడా ఔనంటే బుక్ చేసేద్దామని చూస్తుంటారు. నేను ఔననే సందర్భాలు తక్కువ. ఎందుకో ఒకసారి వివరంగా రాసి పెడితే అందరికీ పనికొస్తుంది.

ప్రకటనల్లో చూస్తే రెండు ట్రిప్పులకీ పెద్ద తేడా కనబడదు. ఏదైనా సుమారు 5 గంటలే. పొద్దున పదీ పదిన్నరకి బయలుదేరేది మధ్యాహ్నం మూడు, మూడున్నరకి తిరిగొస్తుంది. రెండోది మధ్యాహ్నం మొదలై సూర్యుడు మునిగాక ముగుస్తుంది. జూన్ చివర అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే, అక్టోబరు మొదట్లో ఏడింటికే, కాబట్టి బయలుదేరే టైము నెలను బట్టి మారుతుంది. ద్వీపానికి దక్షిణాన వ్లిహాడా రేవులోనో, ఉత్తరాన ఓయా ఊరి కిందున్న అమ్ముడిలోనో ఎక్కిస్తారు. ఆగే చోట్లు అవే: రెడ్ బీచ్, వైట్ బీచ్, నడి సముద్రంలోని పాలియా కామెనీ అనే చిన్న అగ్నిపర్వత దీవి దగ్గరి వేడినీళ్ళు. పడవలోనే గ్రిల్ మీద వండిన భోజనం, వైన్, హోటల్ నుంచి వ్యాను. పది నుంచి ఇరవై మంది దాకా ఎక్కుతారు. ధర మాత్రం సన్‌సెట్‌కి కాస్త ఎక్కువ పెడతారు.

నా లెక్కలో ఈ ప్రశ్నను తేల్చేది సూర్యుడు కాదు, గాలి.

ఏజియన్ సముద్రంలో ఎండాకాలం ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్టెమి అంటారు. బాల్కన్ దేశాల మీద పీడనం ఎక్కువగా, టర్కీ మీద తక్కువగా ఉండడం వల్ల పుడుతుంది. జులై, ఆగస్టు నెలల్లో దాని జోరు ఎక్కువ. మన దగ్గర గాలి పెరిగిందంటే మబ్బు పట్టడమో వాన రావడమో ఉంటుంది, మనం ముందే జాగ్రత్తపడతాం. మెల్టెమి అలా కాదు. ఆకాశం నీలంగా, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం బోఫర్ట్ కొలతలో (గాలి బలాన్ని సున్నా నుంచి 12 దాకా చెప్పే కొలత) 5, 6 దాకా వెళ్తుంది, ఒక్కోసారి ఇంకా పైకి. హోటల్ కిటికీలోంచి చూసి 'ఎంత బాగుందో' అనుకుని పడవెక్కినవాళ్ళు గంట తిరక్కుండా తల పట్టుకుంటారు. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. చాలా రోజుల్లో ఈ గాలి పొద్దున కాస్త నెమ్మదిగా ఉండి, మధ్యాహ్నం దాటాక బలపడుతుంది. అంటే సన్‌సెట్ పడవ రేవు దాటే వేళకే గాలి పెరిగి ఉంటుంది.

ద్వీపం ఆకారం వల్ల దాని ప్రభావం ఇంకా పెరుగుతుంది. సాంటోరిని నడుమ ఉన్న సముద్రం, అంటే కాల్డెరా, అగ్నిపర్వతం కుంగిపోయి ఏర్పడ్డ గొయ్యి. పొడవు సుమారు 12 కిలోమీటర్లు, వెడల్పు 7. తూర్పున ఫిరా, ఓయా ఊళ్ళున్న కొండ గోడ నీటి నుంచి 300 మీటర్ల దాకా నిట్టనిలువుగా లేస్తుంది, పడమర తిరాసియా దీవి ఉంటుంది. ఓయాకీ తిరాసియాకీ మధ్య సందు ఉత్తరానికి తెరిచి ఉంటుంది, మెల్టెమి అందులోంచే లోపలికి దూరుతుంది. మధ్యలో లోతు 380 మీటర్లు దాటుతుంది కాబట్టి ఎక్కడంటే అక్కడ లంగరు వేయడానికి కుదరదు. ఈతకు ఆపేవి తీరం పక్కనున్న చిన్న మలుపుల్లోనే. దక్షిణపు బీచ్‌లకు ఉత్తరాన కొండ అడ్డు కాబట్టి గాలి రోజున కూడా అక్కడ అలలు పెద్దగా లేవవు. అక్కడి నుంచి వేడినీళ్ళకు వెళ్ళాలంటే మాత్రం కాల్డెరా నీళ్ళలోకి రావాల్సిందే. అసలు పరీక్ష అక్కడే.

కాటమరాన్ వెడల్పుగా, రెండు పొట్టల మీద నిలబడుతుంది కనుక పక్కకు ఒరగదన్నది నిజమే. ఒరగదు గానీ, దగ్గర దగ్గరగా వచ్చే పొట్టి అలల మీద దబదబా కొట్టుకుంటుంది. గతుకుల రోడ్డు మీద బస్సులో వెనక సీట్లో కూర్చున్నట్టుంటుంది. ముందువైపు పడుకోవడానికి కట్టిన వల మీద ఫొటో దిగాలని అందరికీ ఆశే, గాలి లేస్తే ముందు తడిసేది కూడా అక్కడ కూర్చున్నవాళ్ళే. జీవితంలో మొదటిసారి సముద్రం మీదికి వెళ్తున్న అరవై ఏళ్ళ అమ్మకి, చిన్నపిల్లలకి ఇది సరదాగా ఉండదు. వాంతుల టెన్షన్‌తో కూర్చున్నవాళ్ళకి ఎంత గొప్ప సూర్యాస్తమయమైనా కంటికి ఆనదు. మన మందుల షాపుల్లో దొరికే అవొమిన్ లాంటి మాత్ర వాడేవాళ్ళు పడవెక్కడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు. అది నిద్ర తెప్పిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంకో మాట, ఈత గురించి. మే నెలలో అక్కడ సముద్రం 19, 20 డిగ్రీలకు మించదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో 24, 25 దాకా వస్తుంది. వైజాగ్ నీళ్ళకు అలవాటుపడిన ఒంటికి ఇది చలే. పొద్దున ట్రిప్పులో నీళ్ళలోంచి పైకి రాగానే నడినెత్తిన ఎండ ఉంటుంది, పది నిమిషాల్లో ఒళ్ళు ఆరిపోతుంది. సాయంత్రం ట్రిప్పులో చివరి ఈత అయ్యేసరికి ఎండ వాలుతుంది, తడి బట్టల మీద గాలి కొడుతుంది. అందరూ తువ్వాళ్ళు చుట్టుకుని సూర్యుడు ఎప్పుడు మునుగుతాడా, ఎప్పుడు హోటల్‌కి వెళ్తామా అని చూస్తుంటారు. సన్‌సెట్ ట్రిప్పు తీసుకునేవాళ్ళు ఏ నెలైనా సరే ఒక పొడి జత, ఒక జాకెట్ తప్పకుండా పెట్టుకోవాలి.

వేడినీళ్ళు అనగానే మనవాళ్ళు పడవ దిగితే వేన్నీళ్ళ స్నానమే అనుకుంటారు. పడవ అక్కడి దాకా వెళ్ళదు. కాస్త దూరంలో ఆపుతారు, చల్లటి సముద్రంలోకి దిగి ఈదుకుంటూ పోవాలి. ఆ చివర నీళ్ళు గోధుమ రంగులో, గోరువెచ్చగా ఉంటాయి. ఇనుము, గంధకం కలిసిన నీళ్ళు కాబట్టి లేతరంగు బట్టలకు తుప్పు మరక పడుతుంది, వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు హోటల్లోనే తీసిపెట్టి వెళ్ళండి. ఈత రానివాళ్ళకు లైఫ్ జాకెట్ ఇస్తారు, దానికి మొహమాటపడాల్సిన పని లేదు. కానీ గాలికి అలలు లేచిన సాయంత్రం, ఈత రానివాళ్ళు జాకెట్ వేసుకుని కూడా అంత దూరం వెళ్ళి రావడం కష్టం. ఈత వచ్చినవాళ్ళు వెళ్తారు, మిగతావాళ్ళు డెక్ మీద కూర్చుని చూస్తారు. అదే చోట, అదే డబ్బుకి, పొద్దునైతే ఇంట్లో అందరూ దిగగలుగుతారు.

ఇక అసలు వాదన. ఈ 5 గంటలకు మనం పెట్టే డబ్బు మరోలా దొరకని దానికోసం కావాలి. సూర్యాస్తమయం గట్టు మీద నుంచి ఉచితంగా దొరుకుతుంది. అక్రోతిరి లైట్‌హౌస్ దగ్గరి బండల మీద కూర్చోండి, ఇమెరోవిగ్లిలో స్కారోస్ రాయికి ఎదురుగా నిలబడండి, ఓపికుంటే 567 మీటర్ల ప్రొఫిటిస్ ఇలియాస్ కొండెక్కండి. ఓయా కోట దగ్గర జనం తొక్కిడి ఎక్కువ, అక్కడికి వెళ్ళకపోయినా నష్టం లేదు. రెడ్ బీచ్ సంగతి వేరు. పైనుంచి రాళ్ళు జారిపడే చోటు కావడంతో నడిచి వెళ్ళే దారిలో ప్రమాద హెచ్చరికలు ఉంటాయి. ఆ ఎర్ర కొండ మొత్తంగా, నిమ్మళంగా కనబడేది నీళ్ళ మీద నుంచే. వైట్ బీచ్‌కి పడవ తప్ప తేలికైన దారి లేదు. ఈ రెండు చోట్లా నీటి అడుగున రాళ్ళు, చేపలు కనబడాలంటే సూర్యుడు పైన ఉండాలి, వెలుగు నిలువుగా నీళ్ళలోకి దిగాలి. అది పొద్దున ట్రిప్పులోనే కుదురుతుంది. అందుకే పొద్దున పడవ, సాయంత్రం గట్టు అని చెబుతుంటాను. అప్పుడు రెండూ దక్కుతాయి. సన్‌సెట్ పడవ ఎక్కినవాళ్ళకి ఆ రోజు పొద్దుటిపూట ఎదురుచూపుల్లోనే గడుస్తుంది.

సన్‌సెట్ ట్రిప్పులో రెండు నిజమైన గొప్పలున్నాయి, వాటిని తక్కువ చేయను. మొదటిది వెలుగు. కాల్డెరా గోడ పడమటికి తిరిగి ఉంటుంది కాబట్టి పొద్దున దాని మీద నీడే. మధ్యాహ్నం దాటాక ఎండ సూటిగా పడి ఎరుపు, నలుపు, బూడిద రంగు పొరలన్నీ విడివిడిగా కనబడతాయి. అన్నిటికన్నా పైన దళసరిగా ఉండే తెల్లటి పొర సుమారు 3600 ఏళ్ళ కింద జరిగిన మహా విస్ఫోటనంలో పడ్డ బూడిద, ప్యూమిస్ రాయి. ఆ విస్ఫోటనమే ద్వీపం దక్షిణానున్న ప్రాచీన అక్రోతిరి పట్టణాన్ని కప్పేసింది. ఆ పొరల్ని సాయంత్రపు ఎండలో నీటి మీద నుంచి చూడడం మరిచిపోలేని సంగతి. ఫొటోలు ముఖ్యమనుకునే జంటలకు ఇదొక్కటే చాలు.

రెండోది తెరచాప. పొద్దున గాలి లేకపోతే పడవ ఇంజన్ మీదే నడుస్తుంది, తెరచాప విప్పరు, విప్పినా అలంకారానికే. తెరచాప నిండా గాలి పట్టి, ఇంజన్ ఆపేసి, నీటి చప్పుడు మాత్రమే వినబడే ప్రయాణం కావాలంటే మధ్యాహ్నం గాలే కావాలి. దానికోసమే వెళ్ళేవాళ్ళు, కడుపు గట్టివాళ్ళు నా మాట పక్కన పెట్టి సన్‌సెట్ తీసుకోవచ్చు. ఎక్కడికెళ్ళినా గాలి పెరిగితే దారి మార్చే హక్కు కెప్టెన్‌దే అన్నది గుర్తుంచుకోవాలి. ఓయా ఎదురుగా సూర్యాస్తమయం అని బ్రోచర్‌లో ఉన్నా, ఆ రోజు దక్షిణాన లైట్‌హౌస్ చాటుకే పరిమితం కావచ్చు.

నెలల్ని బట్టి నా తీర్పు చెప్పమంటే: జులై, ఆగస్టుల్లో ఎవరైనా సరే పొద్దునే. మే, జూన్ మొదట్లో, సెప్టెంబరు రెండో సగం నుంచి గాలి పట్టు కొంత తగ్గి ఉంటుంది, అప్పుడు ఇద్దరే వెళ్తుంటే సన్‌సెట్ తీసుకున్నా నేను వద్దనను. పెద్దవాళ్ళో పిల్లలో వెంట ఉంటే ఏ నెలైనా పొద్దునే. పొద్దున ట్రిప్పుకి ఉన్న ఒకే పెద్ద ఇబ్బంది ఎండ, దానికి టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ చాలు.

మిగతా పడవల సంగతి. ఫిరా కిందున్న పాత రేవు నుంచి వెళ్ళే పెద్ద చెక్క పడవలు చవక, జనం ఎక్కువ. కానీ కాల్డెరా నడుమ ఉన్న నెయా కామెనీ అనే అగ్నిపర్వత దీవి మీద దించి అగ్నిపర్వతం బిలం దాకా నడిపించేది ఇవే, చిన్న బృందాల కాటమరాన్‌లు సాధారణంగా అక్కడ దించవు. 1950లో చివరిసారి పేలిన ఆ కొండ మీద నడవాలని ఉంటే వాటినే ఎంచుకోండి. ఒంటి పొట్ట సెయిలింగ్ పడవలు ఒక పక్కకు ఒరిగి నడుస్తాయి, అలవాటున్నవాళ్ళకే. ప్రైవేట్ బోట్ పది మంది బంధువులు కలిసి వెళ్తే లెక్క కుదురుతుంది.

భోజనం గురించి శాకాహారులు భయపడక్కర్లేదు గానీ, బుక్ చేసేటప్పుడే చెప్పాలి. గ్రిల్ ఒకటే ఉంటుంది, దాని మీద చికెన్, పంది మాంసం కాలుతుంటాయి. కూరగాయలు విడిగా వండమని ముందే రాస్తే చేస్తారు, పడవెక్కాక చెబితే సలాడ్, పాస్తా, బ్రెడ్‌తో సరిపెట్టుకోవాలి. అలా రాసేటప్పుడే పడవలో గరిష్ఠంగా ఎంతమంది ఎక్కుతారో కూడా అడగండి. చిన్న బృందం అనే మాటకు ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది.

ఏది తీసుకున్నా, పడవ ట్రిప్పుని మీరు అక్కడ ఉండే రోజుల్లో మొదట్లోనే పెట్టుకోండి. మెల్టెమి ఒకసారి పట్టుకుంటే రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు వదలదు. మరీ పెరిగితే రేవు అధికారులే పడవల్ని కదలనివ్వరు. మూడు రాత్రులు ఉండేవాళ్ళు చివరి రోజుకి పెట్టుకుంటే, ఆ రోజు ఆగిపోతే డబ్బు వెనక్కి రావచ్చు గానీ సముద్రం చూడకుండానే విమానం ఎక్కాలి. మొదటి పూర్తి రోజుకి పెట్టుకుంటే ఇంకో రోజుకి మార్చమని అడిగే వీలుంటుంది.