మిద్దెకి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి నాలుగు వానాకాలాలు అయింది

మాది తిరుపతి, ఇల్లు 1998లో కట్టింది. 2021 నవంబరు వానలకి ఊళ్లో చాలా వీధులు మునిగిపోయాయి కదా, మా వీధి నీళ్లు గడప దాటలేదు గానీ మిద్దె ఉరిసింది. అమ్మ పడుకునే గదిలో ఫ్యాన్ రాడ్ వెంబడి చుక్కలు కారి పరుపు తడిసిపోయింది. షాక్ కొడుతుందేమోనని మెయిన్ ఆపేసి తెల్లారేదాకా కూర్చున్నాం. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకునే 2022 ఏప్రిల్‌లో ఫైబర్ కలిసిన అక్రిలిక్ కోటింగ్ వేయించాను.

మిద్దె 900 చదరపు అడుగులు. 20 లీటర్ల బకెట్లు రెండు తెస్తే కాస్త మిగిలింది. మొదట నీళ్లు కలిపి పల్చగా ఒక పూత, ఆరాక చిక్కగా రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా. మా దగ్గర ఏప్రిల్ ఎండకి పది గంటలకే స్లాబు కాలిపోతుంది, అందుకే పొద్దున్నే మొదలుపెట్టించాను.

2022 డిసెంబరులో మాండూస్, మరుసటి ఏడాది మిచాంగ్, రెండు తుఫాన్ల వానలూ చూసింది, అమ్మ గదిలో ఒక్క చుక్క పడలేదు. ఎండాకాలం పై గది వేడి కూడా కొంచెం తగ్గింది, తెల్ల రంగు కాబట్టి.

అయితే డబ్బంతా డబ్బాలోనే ఉందనుకోకండి. పని చేసింది అసలు దానికి ముందు మేస్త్రి చేసిన రిపేరు. పిట్టగోడ స్లాబుకి ఆనుకునే మూల చుట్టూ వెంట్రుకంత సందు ఉండేది, నీళ్లు దిగింది అక్కడినుంచే. దాన్ని చెక్కి, పాలిమర్ కలిపిన సిమెంటుతో మూలని గుండ్రంగా పూసి, పైన ఫైబర్ మెష్ అతికించాడు. పగుళ్లని కూడా ఊరికే పైన పూయకుండా V ఆకారంలో చెక్కి నింపాడు. కోటింగ్ ఆరాక గొట్టాలకి గుడ్డలు కుక్కి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. ఈ పరీక్ష చేయనివాళ్లకి పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఒక్కచోట మాత్రం పోయింది. ట్యాంకు కింద స్లాబు పల్లంగా ఉంటుంది, ట్యాంకు నిండి పొర్లిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. మూడో ఏడాది అరచేతంత బుడగ లేచింది, బొటనవేలితో నొక్కితే పక్కనుంచి నీళ్లు చిమ్మాయి, లాగితే పొర చెప్పు అడుగులా మొత్తం ఊడి వచ్చింది. అక్రిలిక్ వాన పడి జారిపోతే తట్టుకుంటుంది, రోజుల తరబడి నీళ్లలో నానితే మెత్తబడి వదిలేస్తుంది. అమ్మినతను ఏడేళ్ల గ్యారంటీ అన్నాడు, ఫోన్ చేస్తే నీళ్లు నిలిచే చోటికి గ్యారంటీ లేదన్నాడు. ఆ మాట కొనేముందు చెప్పి ఉంటే ముందే వాలు సరిచేయించేవాణ్ణి, ఇప్పటికీ బాధగానే ఉంది. చివరికి సిమెంటుతో వాలు తీయించి మళ్లీ పూయించాను.

మా పక్కింటాయన అక్టోబరులో రెండు వానల మధ్య హడావిడిగా వేయించాడు, లోపలి చెమ్మకి నెల తిరక్కుండానే పొంగింది. వేయించాలంటే సంక్రాంతి దాటాక, స్లాబు బాగా ఆరాకే వేయించండి. నేను మాత్రం ఏటా సెప్టెంబరు ఆఖర్లో మిద్దె ఎక్కి, గొట్టాల దగ్గర చేరిన వేపాకులు తీసేసి, పిట్టగోడ మూల వెంబడి చేత్తో తడుముతూ ఒక చుట్టు తిరుగుతాను. ఆ తర్వాత దిగివచ్చి అమ్మకి చెప్తాను, ఈ ఏడు కూడా బాగానే ఉందని.