నల్లగొండలో పిల్లలను బ్యాండ్‌లో చేర్పించేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాపను మొన్న జూన్‌లో ఒక ప్రైవేటు మార్చింగ్ బ్యాండ్‌లో చేర్పించాను. పిల్లలకు డ్రమ్ములు, ట్రంపెట్ నేర్పి, యూనిఫాం వేసి వరుసలో నడిపించే గ్రూపు. కంప్లైంట్ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయను. దసరా అయిపోగానే కొత్త బ్యాచ్ అంటూ మళ్లీ పోస్టర్లు వేశారు. అందుకే ఆగలేక రాస్తున్నా.

బ్యాండ్ నేర్చుకోవడం చెడ్డదని మాత్రం అనుకోకండి. పొద్దున లేపితే దుప్పటి ముసుగేసుకునే పిల్ల అయిదున్నరకల్లా తనే లేచి షూ లేసులు కట్టుకునేది. ముప్పై మంది పిల్లలు ఒక్కసారే ఎడమ కాలు ఎత్తి వేస్తుంటే గ్రౌండ్ పక్కన నిలబడి నాకు ఒళ్లు పులకరించింది. నేర్పే మాస్టారిని కూడా తప్పుపట్టను, ఆయనకు పని వచ్చు. గొడవంతా సామాన్ల దగ్గర.

చేరేటప్పుడు 1,500, నెలకు 800 ఫీజు. రెండో వారంలో నిర్వాహకుడి నుంచి మెసేజ్ వచ్చింది. బయట కొన్న ట్రంపెట్ శ్రుతి కలవదట, వాళ్ల దగ్గరే తీసుకోవాలట. ట్రంపెట్ 12,500, కోటు, టోపీ, గ్లౌజులు కలిపి 3,200. శ్రుతి సరిచేసుకునే గొట్టం ప్రతి ట్రంపెట్‌కూ ఉంటుందని, దాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం యూపీఐలో కట్టేశాను. బిల్లు అడిగితే "రేపు ఇస్తా మేడం" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ట్రంపెట్ తళతళా మెరుస్తూ వచ్చింది. దానికి మూడు వాల్వులుంటాయి. మధ్యది నొక్కితే కిందికి పోతుంది, పైకి రాదు. పాప గోటితో లేపుకుంటూ ఊదేది. అడిగితే "కొత్తది కదా మేడం, బిర్రుగ ఉంటది, నూనె వెయ్యండి" అన్నారు. వాల్వు ఆయిల్ సీసా కూడా వాళ్ల దగ్గరే కొన్నాం, అది వేరే లెక్క. ఆగస్టు 15న పిల్లలంతా గడియారం సెంటర్ దాకా నడిచారు. నేను వీడియో తీసి చుట్టాలందరికీ పంపాను. రాత్రి అన్నం తింటూ పాప మెల్లగా చెప్పింది, "అమ్మా, నేను ఊదలే. ఊదినట్టు చేసిన, అంతే." ఆ వీడియో మళ్లీ చూడబుద్ధి కాలేదు.

అయినా నాకు అనుమానం రాలేదు. కోటు చేతికొచ్చాకే వచ్చింది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, బట్ట పట్టుకుంటే తెలుస్తుంది. భుజం మీది బంగారు జరీ కుట్టలేదు, గమ్‌తో అతికించారు. చంకల్లో కొత్త లైనింగ్, దాని కింద పాత చెమట మరక. వీపు భాగం కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, ఊడదీసిన అక్షరాల సూది రంధ్రాలు వరుసగా కనిపించాయి. చివర్లో 'బ్యాండ్ పార్టీ' అని చక్కగా చదవొచ్చు. పెళ్లి బరాత్‌లలో వాడేసిన కోట్లు కొని, చిన్న సైజుకు తగ్గించి, పిల్లలకు కొత్తవని అమ్ముతున్నారు.

దసరా సెలవుల్లో ట్రంపెట్ పట్టుకుని హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లాను. అక్కడ వాద్యాలు బాగుచేసే పెద్దాయన వాల్వు నొక్కకుండానే దాని పక్కనున్న చిన్న గొట్టాన్ని సర్రున లాగాడు. మంచిదైతే లోపల గాలి పట్టి టప్పుమని చప్పుడు రావాలట. ఏమీ రాలేదు. "ఇది కూడా బరాత్‌లదే అమ్మా. పైన పాలిష్ ఒక్కటే కొత్తది" అని, వాల్వు గూడు దగ్గర సొట్ట తీసి టంకం వేసిన చోటు చూపించాడు. నాలుగు వేలు పలకదన్నాడు.

అంతకుముందే సెప్టెంబర్‌లో ఢిల్లీ కథ మొదలుపెట్టారు. జనవరి 26 బ్యాండ్ పోటీలకు తీసుకెళ్తాం, అడ్వాన్స్ 5,000 అని. పాప స్కూల్ పీఈటీ సార్‌ను అడిగాను. రిపబ్లిక్ డే సందర్భంగా జరిగే జాతీయ బ్యాండ్ పోటీకి స్కూల్ జట్లే వెళ్తాయి, రాష్ట్రం, జోన్ దాటుకుని ఢిల్లీ ఫైనల్‌కు పోవాలి, బయటి గ్రూపులకు అందులో పని లేదు అన్నారు. నేను కట్టలేదు. నాకు తెలిసిన ముగ్గురు కట్టేశారు.

నా లెక్క నాలుగు నెలల ఫీజుతో కలిపి 20,400. ఫీజు గురించి పేచీ లేదు, నేర్పారు. సామాన్ల డబ్బు 15,700 వెనక్కి ఇవ్వమంటే "వాడిన వస్తువు వాపసు తీసుకోం" అన్నాడు. వాడింది ఎవరో ఆ కోటునే అడగాలి! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను. తేలకపోతే నల్లగొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్నది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు లేకున్నా యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాళ్ల మెసేజ్‌లు ఉన్నాయి. మీరూ దేన్నీ డిలీట్ చేయకండి.

కొత్తగా చేర్పించేవాళ్లు మొదటి మూడు నెలలు ఏమీ కొనొద్దు. డ్రమ్ముకైతే పుల్లలు, రబ్బరు ప్యాడ్ చాలు. ట్రంపెట్‌కైతే ముందు మౌత్‌పీస్, అంటే నోటికి పెట్టుకునే భాగం ఒక్కటే ఊదిస్తారు, అది విడిగా దొరుకుతుంది. అన్నీ ఇప్పుడే కొనాలని పట్టుబడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

పాప ఇప్పుడు స్కూల్‌లో సైడ్ డ్రమ్ వాయిస్తోంది. స్కూల్‌దే, ఒక పక్క కొంచెం చిరిగింది గానీ మోగుతుంది. కోటు నా దగ్గరే ఉంది. ఇదే గ్రూపులో మీ పిల్లలుంటే, ఈ రాత్రే వాళ్ల కోటు వీపు లైటుకు పట్టి చూసి నాకు చెప్పండి, కలిసి కంప్లైంట్ వేద్దాం.