బీగిల్‌కి పది మీటర్ల తాడు: ఏ రకం కొనాలి?

ఇంగ్లండ్‌లో బీగిల్ జాతి కుక్కని పెంచింది కుందేళ్ల వేట కోసం. వేటగాళ్లు కాలినడకన వెనక వస్తుంటే, గుంపుగా ముందుకు ఉరికి, నేల మీది వాసన పట్టుకుని, అరుస్తూ పోవడమే దాని పని. 1830ల్లో ఎసెక్స్‌లో ఫిలిప్ హనీవుడ్ అనే మతగురువు పెంచిన గుంపు నుంచే నేటి బీగిల్ వచ్చిందంటారు. అడుగడుగునా యజమాని వైపు చూడాల్సిన అవసరం ఆ పనిలో లేదు. అందుకే ముక్కు నేలకి ఆనిందంటే మన పిలుపు దాని చెవికెక్కదు. అది మొండితనం కాదు, పుట్టుక. విప్పి వదిలితే వాసన వెంటే రోడ్డెక్కేస్తుంది. కాబట్టి పొడవాటి తాడు తప్పనిసరి.

దొరికేవాటిలో నూలు పట్టీ చేతికి మెత్తగా ఉంటుంది కానీ, వానాకాలం గడ్డిలో ఒక్కసారి తిప్పితే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరకపోతే కంపు కొడుతుంది. నైలాన్ చవక. కుక్క ఒక్కసారిగా లాగితే మాత్రం అరచేయి ఒరుసుకుని మండిపోతుంది. పాలిస్టర్ పట్టీకి ప్లాస్టిక్ పూత వేసిన బయోథేన్ రకం ఖరీదెక్కువే, అయినా కొనదగ్గది అదే. బురద అంటితే గుడ్డతో తుడిస్తే చాలు, పల్లేరుకాయలు గుచ్చుకోవు, ముడులు తేలిగ్గా వీడతాయి. పది కిలోల కుక్కకి 13 మిల్లీమీటర్ల వెడల్పు సరిపోతుంది. 20 మిల్లీమీటర్లది బరువుతో వెనక్కి లాగుతుంది. చివర చేతి ఉచ్చు లేనిదే తీసుకోండి. ఉచ్చు ఉంటే పొదల్లో చిక్కుకుంటుంది. బటన్ నొక్కితే చుట్టుకునే సన్నతాడు డబ్బాలు దీనికి వద్దేవద్దు. ఆ తాడు వేళ్లు కోసేస్తుంది.

తాడు ఎంత మంచిదైనా మెడపట్టీకి తగిలిస్తే చేటే. పది మీటర్లు పరుగెత్తి ఆగిన కుదుపంతా గొంతు మీద పడుతుంది. ఛాతీ మీద వై ఆకారంలో కూర్చునే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వేసి, వీపు మీది రింగుకి తగిలించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. తాడుని చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి. పరుగు అందుకుంటే, వేగం పెరగకముందే చెప్పుతో తాడు మీద తొక్కి ఆపొచ్చు.

వాసన చూస్తుండగా పిలవకండి. తల ఎత్తిన క్షణంలో పిలిచి, చిటికెన గోరంత ఉడికించిన కోడిముక్క ఇవ్వండి. తిండిపోతు జాతి, ఊరికే లావెక్కుతుంది. అందుకే అంతమేరకు పూట తిండి తగ్గించండి. ఇంటికొచ్చాక వేలాడే చెవులు ఎత్తి, తడి ఉంటే తుడవండి. లేకపోతే లోపల చీము పడుతుంది. వారానికోసారి తాడు కొక్కెం స్ప్రింగు నొక్కి చూడండి. ఇసుక చేరితే పూర్తిగా మూసుకోదు, కుక్క జారిపోయేది అక్కడే.