మిన్నెసోటా మంచు సరస్సుల మీద చేపల వేట: దారి, బండి, బస

మిన్నియాపోలిస్ వైపు ఉండే తెలుగువాళ్ళు చలికాలంలో ఒక రాత్రి బసతో, గడ్డకట్టిన సరస్సు మీద చేపల వేటకి బయల్దేరాలంటే అందుబాటులో మూడు పెద్ద సరస్సులున్నాయి: మిల్ లాక్స్, అప్పర్ రెడ్ లేక్, లేక్ ఆఫ్ ద వుడ్స్. మూడు చోట్లా ముఖ్యంగా పట్టేది వాలై (walleye) అనే మంచినీటి చేపనే. తేడా అంతా మంచు గడ్డ మీద ఎలా తిరుగుతాం అన్న దగ్గర వస్తుంది. అందుకే రిసార్టుని గది ఫొటోలు చూసి ఎంచుకోవద్దు. మనం డబ్బు కట్టేది గదికి కాదు, దారికి. ఈ ఉదయం గడ్డ మందం ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు, పగులు ఎక్కడుంది, దాని మీద వంతెన ఉందా? ఫోన్లో ఈ నాలుగూ అడగండి. తడుముకోకుండా చెప్పేవాళ్ళ దగ్గరే బుక్ చేయండి.

రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పే మందాలు ఇవి: నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10, మధ్యరకం పికప్‌కి 13, వీల్‌హౌస్ (చక్రాల మీద ఉండే వేట గుడిసె) లాగే పెద్ద ట్రక్‌కి 20 పైన. ఇవి గట్టిగా, పారదర్శకంగా ఉన్న కొత్త గడ్డకి మాత్రమే. మంచు కురిసి, తడిసి, మళ్ళీ గడ్డకట్టిన తెల్ల గడ్డ అయితే మందం రెట్టింపు కావాలి. ఒక్కచోట కొలిచి ఊరుకుంటే చాలదు, ప్రతి 150 అడుగులకీ చూసుకోవాలి. నడిచేటప్పుడు స్పడ్ బార్‌తో (మొన ఉన్న బరువైన ఇనుప కడ్డీ) ముందు పొడిచి, తర్వాతే అడుగు వేయాలి. ఒకటి రెండు పోట్లకే నీళ్ళు కనిపిస్తే వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రండి.

మిల్ లాక్స్ అన్నిటికన్నా దగ్గర, కారులో రెండు గంటల లోపే. విస్తీర్ణం 1,32,000 ఎకరాలకి పైన, ఎంత లోతున్నా 42 అడుగులే. ఒడ్డున ఉన్న రిసార్టులు మంచు ఊడ్చి దారులు వేస్తాయి, పగుళ్ళ మీద వంతెనలు పెడతాయి, బండికి రోజువారీ రుసుము తీసుకుంటాయి. సొంత పికప్ ఉన్నవాళ్ళకి ఇదే సులువు. చిక్కల్లా పీడన గట్లతోనే. చలికి గడ్డ కుంచించుకుని పగులుతుంది, ఆ పగుల్లో నీరు గడ్డకడుతుంది, ఎండ కాయగానే గడ్డ పలక వ్యాకోచిస్తుంది. పైనుంచి గాలి తోస్తుంది. రెండు పలకలు ఒరుసుకుని గట్టులా లేస్తాయి. ఆ గట్టు పక్కనే పల్చటి గడ్డో, తెరిచిన నీళ్ళో ఉంటాయి. పొద్దున దాటిన చోటు సాయంత్రానికి దాటలేనిది కావచ్చు. వంతెన లేని చోట దాటే ప్రయత్నమే వద్దు. తిరుగు ప్రయాణానికి ముందు రిసార్టుకి ఫోన్ చేసి దారి మారిందేమో కనుక్కోండి.

అప్పర్ రెడ్ లేక్ లోతు తక్కువ కాబట్టి పెద్ద సరస్సులన్నిటికన్నా ముందుగా గడ్డకడుతుంది. నవంబరు చివర్లోనే జనం ఎగబడతారు. మా దృష్టిలో కొత్తవాళ్ళు వెళ్ళకూడని సమయం సరిగ్గా అదే. గడ్డ నాలుగైదు అంగుళాలున్నప్పుడు ఒడ్డు నుంచి సరస్సు లోపలికి గాలి వీస్తే పలక మొత్తం ఒడ్డు నుంచి విడిపోతుంది. 2022 నవంబరులోనూ, 2023 డిసెంబరులోనూ వందమందికి పైగా అలా తేలిన పలక మీద చిక్కుకుంటే బయటికి తీసుకురావాల్సి వచ్చింది. మందంతో పాటు గాలి దిశ కూడా చూడాలనేది అందుకే. జనవరిలో వెళ్తే ఇది చక్కటి సరస్సు. పడమటి భాగం రెడ్ లేక్ ఆదివాసుల సొంతం, అనుమతి లేకుండా ఆ గీత దాటకూడదు.

లేక్ ఆఫ్ ద వుడ్స్ కెనడా సరిహద్దులో ఉంది. బాడెట్ ఊరు చేరడానికి కారులో దాదాపు అయిదు గంటలు. దూరమైనా, మొదటిసారి వెళ్ళే కుటుంబానికి మేం చెప్పేది ఇదే. ఇక్కడి రిసార్టులు బాంబార్డియర్ అనే గొలుసు పట్టాల బండిలో మిమ్మల్ని వేడి చేసి ఉంచిన గుడిసె దాకా దించి, సాయంత్రం తీసుకొస్తాయి. మీ కారు ఒడ్డునే ఉంటుంది. రెయినీ నది ముఖద్వారం, దీవుల మధ్య ఇరుకు దారులు ప్రవాహం వల్ల నడి చలికాలంలోనూ పల్చగా ఉంటాయి. సరస్సు అవతల ఉన్న మిన్నెసోటా ముక్క నార్త్‌వెస్ట్ యాంగిల్‌కి రోడ్డు దారి కెనడా మీదుగా పోతుంది. భారత పాస్‌పోర్టుతో, గ్రీన్ కార్డు లేకుండా ఉన్నవాళ్ళు కెనడా వీసా సంగతి ముందే చూసుకోవాలి.

రాత్రి బసకి స్లీపర్ గుడిసెలుంటాయి: బంకులు, ప్రొపేన్ పొయ్యి, గాలం వేయడానికి నేలలో కన్నాలు. మరుగుదొడ్డి చాలాచోట్ల బకెట్టే, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇది ముందే అడగాలి. గాలి చొరబడకుండా గుడిసె చుట్టూ మంచు ఎగదోస్తారు, దాంతో లోపలి గాలి మారదు. పై వెంటు మూయొద్దు. రిసార్టువాళ్ళది ఉన్నా మీ సొంత కార్బన్ మోనాక్సైడ్ (పొయ్యి నుంచి వచ్చే, వాసన లేని విషవాయువు) అలారం ఒకటి బ్యాటరీతో తీసుకెళ్ళండి. పులిహోర, పెరుగన్నం ఐస్ బాక్సులోనే పెట్టాలి, ఇక్కడ దాని పని ఆహారం గడ్డకట్టకుండా కాపాడటం. వాలై కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, కారం పట్టించి వేపితే కొరమీను అలవాటున్న నోటికి నచ్చుతుంది.

సొంత బండితో గడ్డ మీదికి దిగితే సీటు బెల్టు తీసేయండి, అద్దాలు దించండి. వేగం గంటకి 15 మైళ్ళు దాటకూడదు, ఒడ్డు దగ్గర ఇంకా తక్కువ. కదిలే బరువు గడ్డ కింద నీటిలో అల పుట్టిస్తుంది, లోతు తగ్గే చోట అది ఒడ్డుకి తగిలి తిరిగొచ్చి గడ్డని విరుస్తుంది. ఆపినప్పుడు బండికీ బండికీ 50 అడుగుల దూరం ఉంచి, రెండు గంటలకోసారి చోటు మార్చండి. బండి పక్కన ఒక కన్నం తొలిచి ఉంచితే, అందులోంచి నీరు పైకి పొంగినప్పుడు గడ్డ కుంగుతోందని తెలుస్తుంది. అద్దె కారుతో దిగే ఆలోచన వద్దు. అసలు ఒప్పందాలు చాలావాటిల్లో రోడ్డు దిగడానికే అనుమతి ఉండదు.

నడిచేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోవాలి, కారులో మాత్రం తీసేయాలి. కారు మునిగితే అది మిమ్మల్ని పైకప్పుకి అదిమేస్తుంది, కిటికీలోంచి రానివ్వదు. మెడలో ఐస్ పిక్కుల (గడ్డలో గుచ్చి పట్టుకునే, మొన ఉన్న పిడుల) జత వేలాడాలి. నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ మాట వినేది సుమారు పది నిమిషాలు. వచ్చిన వైపుకే తిరగండి, ఆ గడ్డ మిమ్మల్ని అప్పటిదాకా మోసింది. పిక్కులు గుచ్చి, కాళ్ళు ఈదినట్టు తన్నుతూ పైకి లాక్కోండి. పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోండి.

లైసెన్సు 16 ఏళ్ళు నిండినవాళ్ళకి తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకుంటే వాళ్ళకీ కావాలి, బయటి రాష్ట్రాలవాళ్ళకిచ్చే 24 గంటలదో 72 గంటలదో సరిపోతుంది. చలికాలంలో ఒక్కొక్కరికి రెండు గాలాలు. మిల్ లాక్స్‌లో వాలై కొలతలు, సంఖ్య సీజన్‌ని బట్టి మారతాయి, వెళ్ళే వారం రాష్ట్ర సహజ వనరుల శాఖ సైటులో చూసుకుని బయల్దేరండి.