మాల్దీవుల రిసార్టులో ఒక బద్ధకపు రోజు

మాల్దీవుల్లో చాలావరకు ఒక్కో రిసార్టుదీ ఒక్కో దీవి. మా దీవి చుట్టూ నడిచి రావడానికి పావుగంట చాలు. చెప్పులు గదిలో వదిలేశాను, సాయంత్రం దాకా వాటి ఊసే రాలేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంటే, రెక్క కొసన నల్ల మచ్చ ఉన్న సొరచేప పిల్లలు మూడు నా కాళ్ల పక్కనుంచే వెళ్లాయి. మూరెడు ఉంటాయేమో. గుండె ఆగినంత పనైంది. కాలు కదిపానో లేదో, అవే పారిపోయాయి!

నీడలో ఉన్న పడక కుర్చీల మీద మాత్రం పొద్దున్నే ఎవరెవరో తువ్వాళ్లు పరిచేశారు, మనుషులు పదకొండింటి దాకా పత్తా లేరు. సిబ్బంది చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చివరికి కొబ్బరి చెట్టు కింద ఇసుకలోనే పడుకున్నా (పైన కాయలు లేవని చూసుకునే లెండి). నీళ్లలో మొహం పెట్టి చేపల్ని చూడ్డానికి వాడే స్నార్కెల్ మాస్కు ఊరికే ఇస్తారు కానీ నీళ్లు కారుతుంది. మీది మీరు తెచ్చుకోండి.