గోరీల తోట ఎదుట టీ కొట్టు, కంటోన్మెంట్, విజయనగరం

కంటోన్మెంట్ వైపు పాత దొరల గోరీల తోట ఉంది కదా, దాని గోడకి ఎదురుగా ఉన్న టీ, టిఫిన్ల కొట్టు ఇది. బోర్డు లేదు. నీలం టార్పాలిన్ కప్పిన పాక, వేపచెట్టు కింద నాలుగు బల్లలు. ఆటో అబ్బాయితో "గోరీల దగ్గర టీ కొట్టు" అంటే తిన్నగా తీసుకొచ్చేస్తాడు.

ఇక్కడ తినాల్సింది పెసరట్టు. పొట్టు పెసలు రాత్రి నానబోసి, పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బుతారు. బియ్యం పేరుకి వేస్తారంతే, పెసల రుచి ఎక్కడా పోదు. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. అల్లం చట్నీలో బెల్లం ఎక్కువ, నాకు నచ్చలేదు. కొబ్బరి చట్నీ అడిగి వేయించుకోండి. ఎండాకాలం చోడి అంబలి పెడతారు, నంజుకోవడానికి ఉల్లిపాయ, ఊరమిరపకాయ. సాయంత్రం పుణుగులు. ఇడ్లీ మామూలే. టీలో పంచదార తగ్గించమని ముందే చెప్పాలి.

తిండి కోసమే అయితే ఇంత రాయను. నేను సోషల్ టీచర్‌గా ఉన్న రోజుల్లో ఆడపిల్లలు ఈ సందులోంచి రావడానికి భయపడి చుట్టూ తిరిగి వచ్చేవారు. దెయ్యాల భయం కాదు. గోడ పొడుగునా చెత్త, దీపం ఉండేది కాదు, చీకటి పడితే తాగేవాళ్లు చేరేవారు. ఈ కొట్టు భార్యాభర్తలు పొయ్యి పెట్టకముందే గోడవారన చెత్త ఎత్తించారు, చెట్టుకి పెద్ద బల్బు కట్టారు. టీ కప్పు ఎవరైనా గోడ అవతలికి విసిరితే ఆవిడ ఊరుకోదు. "అటు ఇసరకండి బాబూ, ఆళ్లూ మనుషులే" అంటుంది. ఇప్పుడు ట్యూషన్ పిల్లలు రాత్రి ఎనిమిదింటికి కూడా ఇటే వెళ్తున్నారు. ఊళ్లో కోట, గంటస్తంభం చూసి వెళ్లిపోయే బంధువులను నేను ఇక్కడికీ తీసుకొస్తాను.

మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్‌కి దగ్గర్లో క్వేకర్ల పాత శ్మశానం చూశాను. క్రైస్తవుల్లోనే ఒక శాఖ వాళ్లది, ఆడంబరం గిట్టదు. 1661లో ఆ స్థలం కొని, 1855 దాకా వేల మందిని పూడ్చారు. శాఖని మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్‌నీ 1691లో అక్కడే పూడ్చారు. అయినా గోరీల వరసలు కనపడవు. చచ్చాక కూడా గొప్పవాడు, బీదవాడు అన్న తేడా ఉండకూడదని, సమాధి రాళ్లు వద్దని 1717లో తీర్మానించుకున్నారు. 1850లోగానీ ఒకే రకం సాదా రాళ్లకి ఒప్పుకోలేదు. నన్ను ఆపేసింది ఆ తరవాతి కథ. 1880ల్లో అక్కడ ప్రార్థన మందిరంతో పాటు చుట్టుపక్కల పేదల కోసం బడి, వైద్యశాల, ఒక కాఫీ హోటలూ కట్టారు. కూలీ జనం సారా కొట్టుకి పోకుండా కూర్చోవడానికి చోటు ఉండాలని. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి ఆ కట్టడాలు పోయి కాపలాదారు ఇల్లు మిగిలింది. ఇప్పుడు అదే ప్రార్థన మందిరం. మిగతా చోట పెద్ద చెట్లు, బెంచీలు, పిల్లల ఆటస్థలం.

అక్కడ కాఫీ హోటల్ చేసిన పనే ఇక్కడ ఈ పాక చేస్తోంది. అందుకే నాకో టెన్షన్ ఉంది. రేపు ఎవరైనా ఈ వీధిని అందంగా చేస్తామని వస్తే మొదట పీకేది టార్పాలిన్ పాకనే. అలా చెయ్యొద్దు. దీపాలు వెయ్యండి, నడవడానికి బాట వెయ్యండి, గోరీల పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు వేళ్లు దిగకముందే తీయించండి. పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూయకండి, లోపలి చెమ్మ బయటికి రాక ఇటుక పొడైపోతుంది, సున్నంతోనే బాగుచేయించండి. కొట్టుని మాత్రం ఉన్నచోటే ఉంచి, ఒక కుళాయి, చేతులు కడుక్కునే తొట్టి ఇప్పించండి. నీళ్ల ఇబ్బంది ఒక్కటే ఇక్కడ నిజమైన లోటు, డ్రమ్ములో నీళ్లు మధ్యాహ్నానికే అడుగంటుతాయి.

పొద్దున్న ఆరు నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. సోమవారం సెలవు. బళ్లు గోడ వైపు కాకుండా చెట్టు వైపు పెట్టండి. ఫోన్‌పే ఉంది. పెసరట్టు తొమ్మిదిన్నర దాటితే దొరకదు.