పల్లిసభ తీర్మానమా, రహస్య ఓటా: ఏది మేలు?

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు తెలుగు పత్రికలు చదివే మనకు 'ప్రజాభిప్రాయ సేకరణ' అన్న మాట బాగా అలవాటు. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు షామియానా కింద జరిపే విచారణనూ అలాగే అంటారు, ఒక ప్రాంతం ఎటు చేరాలో ఓటుతో తేల్చే రెఫరెండాన్నీ అలాగే అంటారు. మొదటిదానిలో ఓటే ఉండదు. మైకు దగ్గర 'మాకు వద్దు' అని చెప్పి వచ్చినవారు నిర్ణయం తామే చేశామని నమ్మి ఇంటికి వెళ్తే, ఆ నష్టం భరించవలసింది వారే.

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ విచారణకు ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గాని ఆయన పంపిన తగిన హోదాగల అధికారి గాని అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి, చివర సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అయితే ఇంతమంది హాజరు కావాలన్న కోరం అక్కరలేదు. వెయ్యి మంది వద్దన్నా ఆ మాటలు నిపుణుల కమిటీ చూసే కాగితాల్లో చేరతాయే తప్ప ప్రాజెక్టును వాటంతటవి ఆపవు. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవడానికి ఇది పనికివస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

పల్లిసభ, అంటే ఒడిశాలో ఒక్కో ఊరి ఓటర్లంతా కూర్చునే సభ, దాని బలం వేరు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండ మీద తవ్వదలచిన బాక్సైట్ గనుల విషయంలో, అటవీ హక్కుల చట్టం కింద తమ హక్కులేమిటో, కొండతో తమ మతపరమైన సంబంధమేమిటో గ్రామసభలే, అంటే ఇక్కడి పల్లిసభలే, తేల్చాలని ఆదేశించింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు పల్లిసభలు జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి సమక్షంలో జరిగాయి. పన్నెండూ గనులు వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఫలితం కాదు, ఆ కొండ తమ దైవం నియమరాజుదని, దాని ఊటలూ అడవీ లేకపోతే తమ బతుకు లేదని అక్కడి గిరిజనులు డొంగ్రియా కంధులు చెప్పిన కారణాలు తీర్మానాలతోపాటు రికార్డుకు ఎక్కడం. బ్యాలెట్ కాగితం మీద కారణం రాయడానికి చోటుండదు.

పైగా ఆ కాగితం మీద ప్రశ్న రాసేది మరొకరు. 1967 జనవరి 16న గోవాలో జరిగిన ఓటింగులో మహారాష్ట్రలో విలీనానికి పువ్వు గుర్తు, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండడానికి రెండాకుల గుర్తు ఇచ్చారు. 1,72,191 ఓట్లతో రెండాకులు గెలిచింది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నవారికి మాత్రం గుర్తే లేదు. ఆ రాష్ట్రం 1987లో గాని రాలేదు.

అయినా పల్లిసభలో చేయెత్తితే అందరూ చూస్తారు, అప్పిచ్చినవాడూ చూస్తాడు, కూలి ఇచ్చేవాడూ చూస్తాడు. సారా దుకాణం మూయించే విషయంలో ఈ భయం చిన్నది కాదు. ఇక్కడ మహారాష్ట్ర పద్ధతి మేలని నా అభిప్రాయం. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, దెగ్లూరు వైపు ఉన్న మనవాళ్లకు అది తెలిసినదే. 2008 నాటి ఆదేశం ప్రకారం మహిళా ఓటర్లలో నాలుగో వంతు మంది అర్జీ పెట్టుకుంటే రహస్య ఓటింగు జరపాలి. కాగితం మీద నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి కాబట్టి చదువురాని అత్తాకోడళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా ముద్ర వేసి రావచ్చు, భర్త ఎదుట ఆ సంగతి చెప్పనక్కరలేదు.

ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. పోలైన ఓట్లలో కాదు, జాబితాలోని మొత్తం ఓట్లలో సగానికి మించి పడుకున్న సీసాకు పడాలన్నది నిబంధన. చెరకు కోతకు వలస వెళ్లిన ఆడవారి ఓటు, వారు ఏమనుకున్నా, దుకాణం తరఫునే లెక్కకు వస్తుంది. కనుక ఓటింగు తేదీని వలసలు మొదలుకాకముందే పెట్టించుకోవాలి.

కొండ, అడవి, చెరువు వంటి ఊరుమ్మడి సొత్తు విషయంలో నేను పల్లిసభనే కోరుకుంటాను, సగం మంది సభ్యులు, హాజరైనవారిలో మూడో వంతు ఆడవారు ఉండాలన్న అటవీ హక్కుల నియమం కచ్చితంగా పాటించాలన్న షరతుతో. ఒకరి ముఖం చూసి మరొకరు నోరు మూసుకోవలసిన చోట మాత్రం రహస్య ఓటే కావాలి, మన ఒడిశాలో సారా దుకాణాల విషయంలోనూ ఆ హక్కు ఆడవారికి ఉండాలి.